అత్త కనపడని బాప్తిస్మం ఫొటో

ఒక బాప్తిస్మాన్నీ, ఒక మేనత్తనీ, ఒక పాస్టరుగారినీ ఒకే ఒక్క ఫొటోతో ఎలా పాడుచెయ్యవచ్చో తెలుసుకోవాలంటే నన్నడగండి. ఆ విద్యలో నన్ను మించినవాడు ఒంగోలు దాకా లేడు.

మా మరియమ్మత్తకి నీళ్లంటే చచ్చేంత భయం. నిండు బిందె కనపడ్డా రెండడుగులు వెనక్కేస్తుంది. అలాంటి మనిషి వాడరేవు సముద్రంలో బాప్తిస్మం తీసుకుంటానంది. మావయ్య పకపకా నవ్వాడు.

"నువ్వా! సముద్రంలోనా! పాదం తడవగానే పరిగెత్తుకొస్తావ్."

అత్తకి రోషం వచ్చింది. "ఒరేయ్ చిన్నా, నేను మునిగేటప్పుడు ఫొటో తియ్యరా. తెచ్చి మీ మావయ్య మొహాన పెట్టాలి."

అప్పుడే నేను కొత్త కెమెరా కొని, వీడియోలు చూసి లాంగ్ ఎక్స్‌పోజర్ నేర్చేసుకున్న రోజులు. కెమెరా కన్ను అర నిమిషం తెరిచే ఉంచితే అలలన్నీ కలిసిపోయి ఏకిన దూదిలా వస్తాయి. మిగతా సంగతులు వీడియోలో తర్వాత చెప్పారట. నేను అంతదాకా చూళ్లేదు.

మిరప కోతలు ముగించుకుని మావయ్య తప్ప అందరూ రేవుకి వచ్చేసరికి సందెపడింది. "ఎవరూ ఫోన్లు తియ్యకండి, నేనున్నాగా!" అని మొనగాడిలా ఆపేశాను. మోకాళ్ల నొప్పులున్న పాస్టరుగారు ఒడ్డున ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని ప్రార్థన మొదలెట్టారు. సంఘపెద్దలిద్దరు అత్తని నడుములోతుకి తీసుకెళ్లారు. నేను ట్రైపాడ్ మీద నిలబెట్టిన కెమెరా నొక్కాను. అత్త వణుకుతూనే మునిగింది, లేచింది, "స్తోత్రం!" అని అరిచింది. నిజం చెప్తున్నాను, నాకు కళ్లు చెమర్చాయి.

అందరూ కెమెరా చుట్టూ మూగారు. సముద్రం అద్భుతంగా ఉంది. మనుషులే లేరు. కదిలినవాళ్లంతా ఆ దూదిలో కలిసిపోయారు. కదలని పాస్టరుగారు మాత్రం కుర్చీతో సహా స్పష్టంగా ఉన్నారు.

ఆయన కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. "ప్రభువు రాకడలో విశ్వాసులంతా పరలోకానికి ఎత్తబడతారని మొన్న ఆదివారమేగా చెప్పాను. మరి నన్నొక్కణ్ణే వదిలేశారేంట్రా?"

"మళ్లీ ఒక్కసారి మునుగత్తా," అన్నాను.

"బాప్తిస్మం ఒక్కసారేరా నాయనా," అన్నారాయన.

అత్త తడి కొంగు పిండుకుంటూ వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

పొడి చీర కట్టుకుని ఇంటికొచ్చిన అత్తనీ, నా ఫొటోనీ మార్చి మార్చి చూశాడు మావయ్య. "చెప్పానా, దిగదని!"

"మరి తల తడిగా ఉందిగా?" అన్నాను.

"పంపు కింద పెట్టి ఉంటుంది."

అత్త కొప్పు విప్పింది. గుప్పెడు ఇసుక, దాంతోపాటు ఒక చిట్టి గవ్వ నేలమీద పడ్డాయి. మావయ్య నవ్వు ఆగిపోయింది. వంగి ఆ గవ్వ తీసి చూశాడు. "నిజంగానే మునిగావే!" అంటూ తువ్వాలు అందుకుని తనే ఆవిడ తల తుడిచాడు.

నా కెమెరా తేలేనిది అత్త కొప్పు తెచ్చింది. అందుకే ట్రైపాడ్ మూడు కాళ్లూ పట్టుకుని మీ అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను: ఇక మీదట ఏ అత్త మునిగినా అత్తనే తీస్తాను, సముద్రం ఎలా వచ్చినా సరే.