ఇరవై పైసల బిళ్ళ మీద పోగులు

పిడి ఇంకో అరచుట్టు తిరిగితే చాలు. కానీ చేతుల్లో బలం అయిపోయింది. అందుకే రెండు కాళ్ళూ నేల మీంచి లేపి, వైసు పిడి పట్టుకుని గబ్బిలంలా వేలాడాను. అది కిర్రుమని దిగింది. మగ్గాల సామాను బాగుచేసే ఫిట్టరు మామ చాయ్ తాగి తన దుకాణానికి తిరిగి వచ్చేలోపు పని అయిపోవాలి. నా చిన్నప్పుడు నేను మరీ బక్కగా ఉండేదాన్ని, తొమ్మిదేళ్ళ పిల్లనంటే ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. కానీ ఒకటి అనుకున్నానంటే అది అయ్యేదాకా నాకు అన్నం సయించేది కాదు.

ఇనుప ముక్కల్ని బిగించే ఆ వైసులో అప్పుడున్నవి రెండు బిళ్ళలు. ఒకటి గట్టి రూపాయి బిళ్ళ. రెండోది మెత్తటి అల్యూమినియంది, ఆరు మూలల ఇరవై పైసల బిళ్ళ. వైసు పళ్ళ గీతలు పడకుండా ఇరవై పైసల వెనక ఒక చిందీ ముక్క అడ్డం పెట్టాను. బట్ట చిందీలకు మా ఇంట్లో కొదవే లేదు. మా వాళ్ళు మగ్గాల పనికి వలస వచ్చిన ఆ పట్నంలో, నార్పోలి వైపు ఒక కార్ఖానాలో మా తాత బట్ట చూసేవాడు. మగ్గాల నుంచి దిగిన తానుల్ని బల్ల మీద పరిచి, లోపాలు వెతికి గుర్తు పెట్టే పని. కత్తిరించిన ముక్కలు నా బొమ్మలకని తెచ్చిచ్చేవాడు.

ఇదంతా పక్కింటి అక్క కోసం. అక్క పెళ్ళయి మా పక్క ఖోలీకి కాపురానికి వచ్చి రెండేళ్ళు. నాకు జడలు వేసేది, వాళ్ళ ఊరి ముచ్చట్లు చెప్పేది. ఊళ్ళో వాళ్ళమ్మకు చూపు తగ్గిపోతోంది. ఇక మందులతో లాభం లేదని కరీంనగర్‌లో డాక్టరు చెప్పాడట. పూర్తిగా చీకటి కాకముందు ఒక్కసారి బిడ్డ మొఖం చూసుకుంటానని ఆమె ఫోనులో ప్రతిసారీ అడిగేది. కానీ అప్పుడు బట్టకు గిరాకీ లేక మందీ నడుస్తోంది, సగం మగ్గాలు బందు. ఊరికి పోయి వచ్చే పైసలు మా సందులో ఎవరి చేతిలోనూ లేవు.

అదే వారం ధామన్కర్ నాకా కూడలిలో పాత నాణేలు కొని అమ్మే మనిషి, అచ్చు తప్పిన బిళ్ళ ఒకటి చూసి ఎవరో ఆటో అతని చేతిలో నోట్లు పెట్టాడని సందంతా చెప్పుకున్నారు. తప్పు బిళ్ళకు అంత విలువా అని నోరెళ్ళబెట్టాను. వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. తప్పు చేయడం ఎంతసేపు?

చాలా బాగా వచ్చింది. ఇరవై పైసల మీద రూపాయి తాలూకు ఒకటంకె, పక్కనున్న అక్షరాలు గుంటగా దిగాయి. అక్క చిల్లర దాచుకునే పౌడరు డబ్బాలో దాన్ని పడేసి, ఏమీ ఎరగనట్టు వచ్చేశాను. మోసం అన్న మాట నాకు తట్టనే లేదు. దేవుడు కాస్త ఆలస్యం చేస్తున్నాడు, నేను సాయం పట్టాను అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత పాలకు చిల్లర తీస్తూ అక్క దాన్ని చూసింది. పొద్దున్నే నీళ్ళ పంపు దగ్గర ఆడవాళ్ళందరి చేతులూ తిరిగింది ఆ బిళ్ళ.

"ఏందే, ఇగ నాలుగు మగ్గాలు కొంటవా, సేఠానీ?" అని ఒకామె ఎగతాళి చేసింది.

"కొంట. నీ మొగన్నే పనికి వెట్టుకుంట," అంది అక్క.

అక్క అంతగా నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు. బకెట్టు నిండిందో లేదో, ఎస్టీడీ బూత్‌కు పరుగెత్తి వాళ్ళ ఊరి కిరాణా కొట్టుకు ఫోను చేసి, అవ్వా అని పిలుచుకునే వాళ్ళమ్మను పిలిపించి, శుక్రవారం బండెక్కుతున్నానని చెప్పేసింది. బిళ్ళ అమ్మాక చెబుతుందనుకున్నాను గానీ ముందే చెబుతుందని నేను అనుకోలేదు. అయినా భయం వేయలేదు.

సాయంత్రం అక్క మా తాత దగ్గరికి వచ్చింది. నాకా దగ్గరి మనిషి తక్కువకు కొట్టేస్తాడేమో, ముందు తాతకు చూపించమని వాళ్ళాయన చెప్పాడట. తాత దగ్గర ఇత్తడి పిక్ గ్లాసు ఉండేది. బట్ట మీద నిలబెట్టి అంగుళానికి ఎన్ని పోగులో లెక్కపెట్టే భూతద్దం అది. దాన్ని బిళ్ళ మీద నిలబెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత అక్కను చూడమన్నాడు, నన్నూ చూడమన్నాడు.

మగ్గం మీదే పుట్టిన లోపం వేరు, తాను దిగినాక తగిలిన దెబ్బ వేరు అని నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. నేసేటప్పుడు పోగు తప్పితే పక్క పోగులు దానికి తగ్గట్టు సర్దుకుంటాయి. తర్వాత మేకు తగిలి చిరిగితే, అన్నీ మామూలుగా వస్తూ వస్తూ ఒక్కచోట తెగి ఉంటాయి. బిళ్ళయినా అంతే. సర్కారు అచ్చు కింద బిళ్ళ జరిగితే బొమ్మ సగమే పడుతుంది, పడనిచోట నున్నగా ఉంటుంది. ఇక్కడేమో బొమ్మ మొత్తం చక్కగా పడ్డాక ఎవరో మీద నొక్కారు, కింద పాత గీతలు నలిగి కనిపిస్తున్నాయి. పైగా అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడ్డాయి. అంటే ఇది ఇంకో బిళ్ళను అదిమిన గుర్తు.

"గిది పుట్టుకతోని అచ్చిన తప్పు గాదు బిడ్డా," అన్నాడు. "ఎనుక తగిలిన దెబ్బ."

పిక్ గ్లాసులో నాకూ కనిపించాయి ఆ నలిగిన గీతలు. నేను వేలాడిన బరువంతా అక్కడ ఉంది.

అక్క అద్దం పక్కన పెట్టింది. "మరి అవ్వకు చెప్పిన గద తాతా, శుక్రారం వస్తనని," అంది. కోపంగా కాదు, తాత దగ్గర ఏదో ఉపాయం ఉండి తీరుతుందన్నట్టు.  తాత ఏం చేయాలో తోచక బిళ్ళను తిరగేశాడు. వెనక వైపు ఏదో కనిపించి మళ్ళీ అద్దం పెట్టాడు. తానుల మీద పోగులు లెక్కపెట్టేటప్పటిలా పెదాలు కదిలాయి. మెత్తటి అల్యూమినియం మీద చిందీ నేత సన్నగా, నిలువూ అడ్డం దిగి ఉంది. ఆ నేత ఏ తానుదో, ఆ ముక్క ఎవరికి తెచ్చిచ్చాడో ఆయనకు తెలియనిదా? తలెత్తి నన్ను చూశాడు. ఆ వైపు కనపడకుండా బిళ్ళను బోర్లించి అక్క చేతిలో పెట్టాడు.

ఏ మోసగాడు చేశాడో అని అక్క ఏడ్చింది. మోసగాడైతే అమ్ముకునేవాడు, నీ డబ్బాలోకి ఎందుకు వస్తుందని మాత్రం తాత అన్నాడు.

అక్క వెళ్ళాక తాత కొడతాడని ఎదురుచూశాను. కొట్టినా బాగుండేది.

"నీ మనసు నాకెరుకే," అన్నాడు. "గని నీ మనసు జూసి ఆ ముసలమ్మ చూపు ఆగదు గద. నేనైతే ఎవరికి చెప్ప. చెప్తవో చెప్పవో నువ్వే సూసుకో."

తర్వాత ఆయన గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. అన్నీ తెలిసిన మా తాతకు చేయడానికి ఏమీ లేకపోవడం నేను మొదటిసారి చూశాను. ఇప్పటికీ ఎవరి కష్టం విన్నా నా చేతులు నాకంటే ముందు పరుగెత్తుతాయి. అప్పుడు ఆ నలిగిన గీతలు కళ్ళ ముందుకొస్తాయి. మంచి మనసుతో నొక్కినా నలిగేది నలుగుతుంది. ఆ ఒక్క సంగతీ అప్పటి నుంచి నా వెంటే ఉంది.

తెల్లారి అక్క ఫోను బూత్‌కు పోతుంటే వెనకే పోయాను. అమ్మను పిలిపిస్తానని కిరాణా కొట్టాయన అంటే పది నిమిషాలు బయట నిలబడ్డాం. మళ్ళీ కలిపేసరికి, బండి ఎన్ని గంటలకని అవతలి నుంచి వాళ్ళమ్మ అడగడం నాకూ వినపడింది.  అక్క ఫోను నా చేతిలో పెట్టి గోడ వైపు తిరిగింది.

"అవ్వా, అక్క వస్తలేదు," అన్నాను. "అక్క తప్పేం లేదు. ఆమె డబ్బాల దొంగ బిళ్ళ వెట్టింది నేనే."

 మీటరు మీద ఎర్ర అంకెలు మారుతున్నాయి. అక్క మెల్లగా నా వైపు తిరిగింది. నేను ఫోను పెట్టేయలేదు. ఆమె కళ్ళలోకి చూస్తూనే, వాళ్ళమ్మకు మొదటి నుంచి మొత్తం చెప్పాను.