చర్చిలో ఏ పక్కన కూర్చోవాలి

నా బిడ్డను అమ్మాయిగానే పెంచాను. తనకు చెన్నైలో ఉద్యోగం. ఆ శనివారం నాంపల్లిలో రైలు దిగి ఇంటికొచ్చి, వంటింట్లో నా పక్కన నిలబడి, "మమ్మీ, నేను ఆడ కాదు, మగ కాదు. చిన్నప్పటి సంది గట్లనే అనిపిస్తది," అంది.

"మరి ఏంది బిడ్డా?"

"నేను నేనే."

నాకేమీ అర్థం కాలేదు. జ్వరమేమోనని నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను.

మరునాడు ఆబిడ్స్‌లోని మా చర్చికి వెళ్లాం. అక్కడ ఆడవాళ్లు ఎడమవైపు, మగవాళ్లు కుడివైపు కూర్చుంటారు. నేను ఎప్పటిలాగే ఎడమవైపు వెళ్లి, పక్కన చోటు ఉంచి వెనక్కి చూశాను. తను మధ్యలో ఆగిపోయి రెండు వైపులా చూస్తోంది. ఎటు రమ్మని పిలవాలో నాకు తోచలేదు. చివరికి తను తలుపు దగ్గర, ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం వేసిన బెంచీ మీద కూర్చుంది. పాట మొదలయ్యాక నేనూ లేచి అక్కడికే వెళ్లాను.

"సమజైందా మమ్మీ?" అని మెల్లగా అడిగింది.

"కాలే బిడ్డా. జర జరుగు, కూసుంట," అన్నాను.

ఇప్పటికీ తన గురించి ఎవరైనా అడిగితే 'వచ్చింది' అనాలో 'వచ్చిన్రు' అనాలో తెలియక మధ్యలో ఆగిపోతుంటాను.