ఎనిమిదో తాడు

నా చిన్నప్పుడు, ఒక కరువు ఏడాదిలో మా ఇంట్లో పోయినవి ఇవి: రెండు ఎద్దులు, ఏడు గొర్రెలు, ఇంటి వెనక బావిలో నీళ్లు, మా చిన్నాన్న. కూలికని పక్కింటి సాయిబు మామతో బండల గనికి పోయిన చిన్నాన్న అక్కడే బండ కింద పడి చనిపోయాడు. మామ ఒక్కడే తిరిగొచ్చాడు. తమ్ముణ్ణి వదిలేసి వచ్చాడని మా నాన్న ఆయనతో మాట మానేశాడు.

వాన కోసం ఊళ్లో జడకోలాటం ఆడదామన్నారు. నేర్పేవాడు మా తాత. పైనుంచి వేలాడే ఎనిమిది తాళ్లు ఎనిమిది మంది పట్టుకుని, నలుగురు ఇటు, నలుగురు అటు తిరుగుతూ, ఎదురైనవాళ్ల కట్టెకు కట్టె తాకిస్తూ జడ అల్లుతారు. మళ్లీ అన్నే చుట్లు వెనక్కి తిరిగి విప్పుతారు. ఈ ఆటకు కట్టెలు గొల్లవాళ్లవి, అల్లిక మగ్గం వాళ్లది, అడుగు కళ్లం తొక్కేవాళ్లది అనేవాడు తాత. అందుకే ఇందులో కాళ్లున్న ప్రతివాడికీ చోటుంది.

చిన్నాన్న తాడు ఖాళీగా ఉంది. తాత దాన్ని మామకిచ్చి, నాన్నకు ఎదురు తిరిగే వరుసలో నిలబెట్టాడు.

"వాడుంటే నేనాడను," అన్నాడు నాన్న.

"ఏడు మందితో జడ పడదు నాయనా. నిన్ను మాట్లాడమన్లేదు. కట్టె తాకించు, సాలు."

బడికి పోని నాకు చుట్లు లెక్కపెట్టే పని ఇచ్చాడు. అల్లడానికి పన్నెండు, విప్పడానికి పన్నెండు. చుట్టుకు రెండుసార్లు వాళ్లిద్దరూ ఎదురయ్యేవాళ్లు. మొదటి ఆరు చుట్లూ ప్రతిసారీ మామ కట్టె చాపాడు. ప్రతిసారీ నాన్న కట్టె దించేశాడు.

"ఏమప్పా, నీ కట్టెకు చెవుడా?" అన్నారెవరో. ఎవరూ నవ్వలేదు.

జడ పెరిగేకొద్దీ తాళ్లు పొట్టివవుతాయి. దూరంగా తిరిగేవాళ్లు ఊపిరి తగిలేంత దగ్గరికొస్తారు. ఏడో చుట్టు మొదట్లో, తాడు పట్టిన మామ చేతిమీద నాన్న చూపు పడింది. ఊరికొచ్చినప్పటి నుంచి తువ్వాలులో దాచుకున్న చేయి అది. రెండు వేళ్లు లేవు.

"ఏమాయె?"

"బండ ఎత్తబోతి బావా. శానా బరువు. లేయలే."

నాన్న కట్టె తాకించాడు. ఆ తర్వాత ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆ చేతి సంగతి తాతకు ముందే తెలుసట. చెబితే నాన్న వినడని, దగ్గరికి తోస్తే చూస్తాడని ఎదురు వరుసలో పెట్టాడట. ఎవరిమీదైనా మనసు విరిగితే, ఈనాటికీ నేను దూరం నుంచి తీర్పు చెప్పను. దగ్గరికి పోయి చూస్తాను.

వాన రాలేదు. ఆ ఎండాకాలమే మామ పిల్లాజెల్లాతో వేంపల్లె వైపు పనికి పోయాడు, తిరిగి రాలేదు. నాన్నా ఇప్పుడు బతికి లేడు. ఆ కోలాటంలో ఆయన మామ కట్టెకు తాకించవలసినవి నలభై ఎనిమిది. తాకించినవి ముప్పై ఆరు. ఇంకా పన్నెండు బాకీ.