పిడికెడు బియ్యంలో పది రకాలు

మా చర్చిలో ఆడవాళ్లం వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు పక్కకు తీస్తాం. వారమంతా పోగైనవి ఆదివారం తెచ్చి ఒకే గోనెసంచిలో పోస్తాం. ఆ బియ్యం లేనివాళ్లకు వెళ్తాయి. వినడానికి ఎంత బాగుందో! వండుకునేవాళ్లను అడగాలి.

ఆ ఏడు అవి పంచే పని నా నెత్తిన పడింది. మా వీధి చివర ఒక మామ్మ ఉండేది. ఏళ్ల తరబడి గుంటూరు మిరప యార్డు దగ్గర కాయల తొడిమలు తీసి బతికిన మనిషి. టీబీ వచ్చింది. బాగా తినాలని, మాత్రలు ఒక్కరోజు కూడా మానకూడదని ఆసుపత్రిలో గట్టిగా చెప్పి పంపారు.

ఒకరోజు వెళ్లి చూస్తే నాలుగు రోజుల మాత్రలు అట్టలోనే ఉన్నాయి.

"ఏం మామ్మా, చావాలనుందా?" అన్నాను.

"ఖాళీ కడుపున ఏసుకుంటే వాంతులమ్మాయ్" అంటూ గిన్నె మూత తీసింది. సగం మెతుకులు జావైపోయాయి, సగం పలుకుగా ఉన్నాయి. పది ఇళ్ల బియ్యం ఒకే గిన్నెలో ఎలా ఉడుకుతాయి? అందులోనూ ఎక్కువ లావు రేషన్ బియ్యమే. పళ్లు లేని మనిషి ఏం నములుతుంది?

నాకు ఒళ్లు మండిపోయింది. ఆదివారం ఆరాధన అయ్యాక ఆడవాళ్లందరినీ నిలబెట్టి కడిగేశాను. "మీరు సన్నబియ్యం తింటూ దేవుడికి రేషన్ బియ్యం పోస్తారా? సిగ్గుండక్కర్లా?" పాస్టరమ్మ "పోనీలెండి, ఇచ్చే మనసు ముఖ్యం" అంది. మామ్మ ఆ మనసునే ఉడకేసుకుని తింటుందా అని నోటిదాకా వచ్చింది, మింగేశాను.

జరిగిందంతా మామ్మకు చెప్పాను.

"వాళ్లనెందుకు తిట్టావే తల్లీ. మీ ఇంట్లో ఏం వండుకుంటారో అందులోంచే ఒక పిడికెడు పెట్టు, నాకు చాలు" అంది.

తలూపి వచ్చేశాను. మా వంటింట్లో బియ్యం డబ్బాలు రెండు. పొయ్యి పక్కన మేం తినే సన్నబియ్యం, గట్టు కింద రేషన్ బియ్యం. రేషన్‌వి మేం తినం గనక, చర్చి పిడికెడు ఎప్పుడూ ఆ డబ్బాలోంచే తీస్తాను. అందరినీ కడిగేటప్పుడు అది గుర్తుకైనా రాలేదు, చూడండి.

ఆ సాయంత్రం మామ్మకని సన్నబియ్యంలో చెయ్యి పెట్టాను. పైకి తీసి చూస్తే, పిడికిట్లో రోజూ తీసే దాంట్లో సగం కూడా లేవు. ఛీ, ఏం బుద్ధి నాది అని నన్ను నేనే తిట్టుకుంటూ మళ్లీ చెయ్యి పెట్టాను.