రైలు లేని ఊళ్లో రైలు గేటు

చాతం రేవులో ఫెర్రీ ఒడ్డుకు ఆనగానే, బండ్లు దిగడానికి ముందువైపున్న ఇనప పలక కిర్రుమంటూ కిందికి వాలుతుంది. దాన్ని దించే గొలుసులకు పూసిన గ్రీజు, ఉప్పుగాలి, తడిసిన ఇనుము కలిసిన వాసన తగిలితే చాలు, స్కూటర్ పట్టుకుని నిలబడ్డ నాకు మా తాతయ్య చేతులు గుర్తొస్తాయి. అండమాన్‌లో రైలు లేదు, పట్టాలూ లేవు. అయినా నా చిన్నతనంలో ఒక వానాకాలం మొత్తం గోల్ ఘర్ పేటలో, మా ఇంటి ముందు సందులో, రైలు గేటు దగ్గరే గడిచిపోయింది.

తాతయ్య అంటే అమ్మ వాళ్ల నాన్న. విశాఖపట్నం శివార్లలో ఒక లెవెల్ క్రాసింగ్‌కి గేట్‌మన్. రెండేళ్లకోసారి వేసవి సెలవుల్లో మూడు రోజులు ఓడలో ఊగి ఊగి అక్కడికి చేరేవాళ్లం. గేటు గదిలో నల్ల టెలిఫోన్ మోగగానే తాతయ్య బయటికొచ్చి, నడుమెత్తున్న ఇనప చక్రం పిడి పట్టుకుని తిప్పేవాడు. గంట గణగణమంటుంటే ఎరుపు తెలుపు చారల కర్రలు రెండువైపులా మెల్లగా వాలేవి, సైకిళ్లూ ఆటోలూ గడ్డిబండ్లూ ఆగిపోయేవి, ఆగిన జనం మధ్యకి తాటిముంజల బుట్టలూ ఉప్పూకారం చల్లిన మామిడికాయ ముక్కలూ ఎక్కడినుంచో ఊడిపడేవి. గ్రీజంటిన ఆయన చేతుల మధ్య నా చేతులు పెట్టి పిడి తిప్పితే, ఊరంతటినీ నేనే ఆపానని నాకు ఒకటే గర్వం.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆ చక్రం పీకేసి కరెంటు గేటు పెట్టారు. మీట నొక్కితే హారన్ కూస్తూ కర్రలు వాటంతటవే వాలతాయి. ఆ ఏడే తాతయ్య రిటైరయ్యాడు. అమ్మమ్మ అప్పటికే లేదు కనక అమ్మ వెళ్లి ఆయన్ని మా ఇంటికి తీసుకొచ్చింది. ఆయన వరండాలో కూర్చుని కొబ్బరిచెట్ల మీద కురిసే వాన చూస్తూ, "ఈ ఊల్లో జనం ఎక్కడా ఆగరేటే?" అన్నాడు. పది రోజులకే, "నానెల్లిపోతానమ్మా, నాకిక్కడ ఊసుపోదు" అని పట్టుబట్టాడు. చేసేదిలేక నాన్న తరువాతి ఓడకి టికెట్ తీశాడు. ఓడకి ఇంకా మూడు వారాలుంది.

పక్కింటి సలీం, ఎదురింటి బెంగాలీ పిల్ల మిష్టి ఎన్నడూ రైలు చూడలేదు. వాళ్లకి చూపించాలని ఒక మధ్యాహ్నం బట్టలారేసే తాడు సందుకి అడ్డంగా కట్టాను. అంతే, వరండాలోంచి కేక!

"గేటలాగేనా ఏసేది? ముందు గంట కొట్టాల. జనానికి తెలియాల కదా!"

చెప్పులు కూడా వేసుకోకుండా వానలోకి దిగాడు తాతయ్య. మర్నాటికి తాడు పోయి, మొదలు దగ్గర రాయి కట్టిన వెదురు బొంగు వచ్చింది. ఆ మరుసటి వారం పాత సైకిల్ చక్రానికి పిడి బిగించి, బొంగుకి కట్టిన తాడు దానికి చుట్టాడు. తిప్పితే బొంగు లేచేది, వదిలితే వాలేది. గంటకి మిష్టి వాళ్లింటి చిల్లుపడ్డ ఇత్తడి పళ్లెం, జెండాలకి అమ్మ పాత ఎర్ర జాకెట్ గుడ్డ, సలీం వాళ్లమ్మ ఇచ్చిన పచ్చ దుపట్టా ముక్క. సలీం ఇంజను. వెనక సందులో పిల్లలం ఏడుగురం ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని బురద చిమ్ముకుంటూ పోయేవాళ్లం. చేపల దీదీ తట్ట దించి, "గాడీ లేటుందా నానాజీ?" అని అడిగి నవ్వేది. నాన్న పాడైన కాలింగ్ బెల్లుని బాగుచేసి బ్యాటరీకి కలిపి ఇస్తే, తాతయ్య మొహం ముడుచుకుని రెండుసార్లు నొక్కి చూసి, "బానే కూస్తందే" అని ఒప్పుకున్నాడు.

ఓడ రోజు రానే వచ్చింది. ఉతికిన పంచె కట్టుకుని, ట్రంకుపెట్టెతో తాతయ్య ఆటో ఎక్కాడు. నేను ఏడుస్తూ పరిగెత్తి గేటు వేసేశాను.

"తియ్యవే, టైమైపోతోంది!" అన్నాడు నాన్న.

తాతయ్య ఆటో దిగి వచ్చాడు. నా మొహం చూశాడు, గేటు చూశాడు. "బండెల్లకుండా గేటు తియ్యకూడదు బాబూ" అన్నాడు నాన్నతో, ఎంతో గంభీరంగా. తీరా చూస్తే బండి లేదు. మా ఇంజనుని వాళ్లమ్మ కూర్చోబెట్టి పరోటా తినిపిస్తోంది. మిష్టి పిలుచుకు రావడానికి పరిగెత్తింది. ఆటో భయ్యా ఇంజను ఆపి బీడీ వెలిగించాడు. నాన్న గడియారం వైపు చూస్తుంటే, తాతయ్య మాత్రం పచ్చజెండా పట్టుకుని సందు మలుపు వైపే చూస్తూ నిలబడ్డాడు.

చాలాసేపటికి మూతి తుడుచుకుంటూ, కూత వేస్తూ సలీం వచ్చాడు. మేమంతా వెనక తగులుకుని దూసుకుపోయాం. తాతయ్య పిడి తిప్పి గేటెత్తి, ఆటో దగ్గరికెళ్లి, తన పెట్టె తానే దించుకున్నాడు.

"మరి ఓడో, మావయ్యగారూ?"

"అదెల్లిపోద్ది బాబూ. దానికి గేట్‌మన్ అక్కర్లేదు."

నాన్న తల పట్టుకున్నాడు. వంటింటి కిటికీలోంచి అమ్మ నవ్వు సందంతా వినిపించింది.

తాతయ్య ఆ తరువాత ఏడేళ్లు మాతోనే ఉండి, మా ఇంట్లోనే పోయాడు. ఆ సైకిల్ చక్రం పాతసామాన్లవాడికి పోయింది, వెదురు బొంగు కాకరపాదుకి పందిరైంది. విశాఖలో కరెంటు గేటు కూడా ఇప్పుడు లేదట, పట్టాల కింద నుంచి దారి వేశారని అక్కడి చుట్టాలు చెప్పారు. సలీం ఓడలో ఇంజను గది చూస్తాడు, మిష్టి ఫెరార్గంజ్‌లో పిల్లలకి పాఠాలు చెబుతుంది. మా సందుకి సిమెంటు పోశారు. రెండువైపులా ఎన్ని మోటార్ సైకిళ్లు నిలబెడుతున్నారంటే, మా రైలు ఇప్పుడొస్తే ఒక్క పెట్టె కూడా పట్టదు.