అత్తమ్మ విన్న చప్పుడు

మొన్న మా అత్తగారికి గుండె దడ ఎక్కువైతే, వేలికి తగిలించుకునే చిన్న మిషన్ ఒకటి కొనమన్నాడు డాక్టరు. గుండె కొట్టుకున్నప్పుడల్లా అది కీచుమంటుంది. పొద్దున్నే సోఫాలో కూర్చుని, వేలికి దాన్ని తగిలించుకుని, "ఏమే, మంచిగనే కొట్టుకుంటాందా? జర విను" అని నన్ను పిలుస్తుంది. నేను కూరగాయలు తరుగుతూనే "కొట్టుకుంటాంది" అంటాను. కత్తి మాత్రం ఆపను. ఆ మాత్రం కసి నాలో ఉంది, దాచుకోను.

మా అత్తగారి వాళ్లది హన్మకొండలో గిన్నెల దుకాణం. ఏ ఇత్తడి బిందెనైనా వేలి కణుపుతో కొట్టి, మోతను బట్టి అందులో పగులుందో లేదో చెప్పేస్తుంది. ఆ విద్యలో ఆమెను మించినవాళ్లు బజారులో లేరు, ఒప్పుకుంటాను. గొడవల్లా మనుషులను కూడా అట్లాగే కొట్టి చూడొచ్చని ఆమె అనుకోవడంతోనే వచ్చింది. పెళ్లయిన కొత్తలో నన్నూ మాటలతో నాలుగు వైపులా కొట్టి చూసి, ఈ సరుకు గట్టిది కాదని తేల్చేసింది. ఆ తీర్పు ఇప్పటికీ మారలేదు.

నాకు నొప్పులు వచ్చిన రోజు, కాన్పుల గదిలోకి తోడుగా ఒక ఆడమనిషిని రానిస్తామన్నారు. మా అమ్మ స్టేషన్ ఘన్‌పూర్ నుంచి బయల్దేరి ఇంకా బస్సులోనే ఉంది. ఇంకేముంది, అత్తగారే వచ్చి నా తల దగ్గర కుర్చీ వేసుకుంది. నొప్పుల కన్నా నాకు అదే ఎక్కువ బాధ. కాన్పులు చేసే నర్సమ్మ అత్తగారి కన్నా కటువు మనిషి. ఆమెకూ నాకూ పడలేదు. నొప్పి వచ్చి వదిలిన ప్రతిసారీ వచ్చి, పొట్ట మీద చల్లటి జెల్ పూసి, చేతిలో పట్టేంత మిషన్ ఆనించి బిడ్డ గుండె చప్పుడు వినేది. నొప్పి పట్టినప్పుడు బిడ్డకు గాలి తక్కువ అందుతుందట. అది వదిలాక గుండె మళ్లీ సరిగా కొట్టుకుంటోందో లేదో చూడాలట. అడిగితే విసుక్కుంటూనే చెప్పింది.

ఆ చప్పుడు గదంతా వినబడేది. గుర్రం పరిగెత్తినట్టు ఉండేది. వింటుంటే నాకు ప్రాణం లేచొచ్చేది, అత్తగారి మొహం మాత్రం మాడిపోయేది. గుండె జోరుగా కొట్టుకుంటే ఆడపిల్ల, నిదానంగా కొట్టుకుంటే మగపిల్లవాడు అని ఆమె లెక్క. అదంతా ఉత్తమాట అని నర్సమ్మ చెప్పినా చెవిన పెట్టలేదు. మళ్లీ ఒకసారి పెట్టి చూడమని, ఈసారి నెమ్మదిగా కొట్టుకుంటుందేమోనని బతిమాలింది. "ఈడ పందాలు కాస్తలెం పెద్దమ్మా, కాన్పు చేస్తానం" అంది నర్సమ్మ.

మధ్యాహ్నం ఒక గట్టి నొప్పి వదిలాక మిషన్ ఆనించేసరికి చప్పుడు మారింది. నిదానంగా, బరువుగా వస్తోంది. నేను నోరు తెరిచేలోపే అత్తగారు లేచి నిలబడింది. "మోత గట్టిగున్నది. కొడుకే" అంటూ, పెళ్లయ్యాక మొదటిసారి నా నుదురు నిమిరింది. బిడ్డ గుండె ఆగిపోతోందని నేను వణుకుతుంటే ఆమె నవ్వుతోంది. ఆ నవ్వును ఇన్నేళ్లలో నేను క్షమించలేదు, ఇక ముందూ క్షమించను.

నర్సమ్మ ఒక చేత్తో మిషన్ అట్లాగే పట్టుకుని, రెండో చేత్తో నా నాడి పట్టింది. కాసేపు రెండూ కలిపి చూసుకుంది.

"కూసో పెద్దమ్మా. ఇది బిడ్డది కాదు, నీ కోడలు గుండె."

తర్వాత నన్ను ఎడమ పక్కకు తిప్పి, మిషన్‌ను పొట్ట మీద కిందికీ పక్కకీ జరుపుతూ వెతికింది. బరబరమనే గోల తప్ప ఏమీ లేదు. నా ఊపిరి చప్పుడు అడ్డమవుతుందేమోనని దాన్ని కూడా బిగబట్టాను. చివరికి పొత్తికడుపు అంచున దొరికింది, అదే పరుగు, అదే జోరు. నేను వెక్కివెక్కి ఏడ్చాను. అత్తగారి చెయ్యి నా నుదుటి మీద నుంచి లేచిపోయింది.

సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. కెవ్వుమన్న ఆ ఏడుపు విని, "గొంతయితే గట్టిదే" అని మాత్రం అంది మా అత్తగారు, అదీ అటు తిరిగి.

ఈ ఇంటి మనిషి ఒకరు నా గుండె చప్పుడు విని సంతోషపడింది ఆ ఒక్కసారే. అదీ నాదని తెలియక. ఇప్పుడు ఆమె తన గుండె వినమని రోజూ నన్నే పిలుస్తోంది. ఇన్నేళ్ల కాలం మా ఇద్దరినీ కలపలేదు, కుర్చీలు మార్చింది, అంతే.