పై ఇంటి అమ్మాయి బైఠాయింపు

స్టుట్‌గార్ట్‌లో మా అబ్బాయి ఇంటి పైన ఒక వరంగల్ అమ్మాయి ఉండేది. ఎవరైనా కాదన్నారంటే చాలు, అక్కడే నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చునేది.

ఒకసారి ఆమె పసివాడు పాలు పీల్చడం మానేశాడు. రెప్పలు వాలిపోయాయి, ఏడుపు పిల్లికూన మూలుగంత అయింది. వాడు తాగే పాలపొడిలో విషం పుట్టించే క్రిములు ఉండొచ్చని ఆ పొద్దున్నే వార్త వచ్చింది. భర్త ఊళ్లో లేకపోతే నన్ను తోడు తీసుకుని, పిల్లాడితో, డబ్బాతో డాక్టరు దగ్గరికి పరుగెత్తింది.

"టెర్మిన్ లేదు, సోమవారం రండి" అంది కౌంటర్‌లో ఆవిడ. టెర్మిన్ అంటే అపాయింట్‌మెంటట.

ఈమె వాకిలికి అడ్డంగా కూర్చుంది. "చూసేదాంక లేవ అంకుల్, ఏమన్న చేస్కోనీ."

నలుగురు పోలీసులు వచ్చారని, వాళ్లను నేను జర్మన్‌లో దులిపేశానని అందరికీ చెప్పుకున్నాను. నిజానికి పోలీసులూ రాలేదు, నాకు జర్మనూ రాదు. ఆమె పక్కన నేనూ చతికిలబడ్డాను, అంతే. డాక్టరు బయటికొచ్చి, పిల్లాడి రెప్పలు చూసి అంబులెన్స్ పిలిచాడు. మోకాళ్లు పట్టేసిన నన్ను ఆమే చెయ్యిచ్చి లేపింది.

పిల్లాడు కోలుకుని ఇంటికొచ్చాక, ఒక ఆదివారం నేను వాళ్లింట్లో ఉండగా, ఎదురింటి జర్మన్ పెద్దాయన వాడి గట్టి ఏడుపు భరించలేనని తలుపు కొట్టాడు. ఆమె కిటికీ కూడా బార్లా తెరిచింది.

"ఏడ్వనీయుండ్రి అంకుల్," అంది నాతో. "ఈ గొంతు కోసమే గదా కింద కూసున్న."